మహమ్మారి రోజుల్లో ఊళ్లో పిల్లల ఆరోగ్య సేవలు ఆగకుండా చూడటం: సబ్‌సెంటర్ నుంచి మొదలుపెట్టే సమగ్ర మార్గదర్శి

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యేసరికి అంగన్‌వాడీలకు తాళాలు పడ్డాయి. ఏఎన్‌ఎంలు (సబ్‌సెంటర్ నర్సులు) క్వారంటైన్ ఇళ్ల చుట్టూ తిరిగారు, ఆశాలు (ఊరి ఆరోగ్య కార్యకర్తలు) ఇంటింటి జ్వరాల సర్వేలో పడ్డారు. పిల్లలకు టీకాలు ఆపమని ఎవరూ ఆర్డర్ ఇవ్వలేదు. అత్యవసర ఆరోగ్య సేవలు ఆగకూడదని కేంద్ర ఆరోగ్య శాఖ ఆ ఏప్రిల్‌లోనే మార్గదర్శకాలు పంపింది కూడా. అయినా చాలా ఊళ్లలో బుధవారం టీకా సెషన్ జరగలేదు, ఎందుకంటే సెషన్ పెట్టాల్సిన మనిషికి ఆ రోజు ఇంకో పని అప్పగించారు.

కరోనా కేసుల లెక్క రోజూ సాయంత్రం టీవీలో వచ్చేది. టీకా తప్పిన బిడ్డ లెక్క ఏ టీవీలోనూ రాదు. అది ఏడాదికో రెండేళ్లకో తట్టు రూపంలో బయటపడుతుంది. డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్ 2022 జులైలో ఇచ్చిన అంచనా ప్రకారం 2021లో మన దేశంలో దాదాపు 27 లక్షల మంది పసివాళ్లు పెంటావాలెంట్ (ఐదు జబ్బులను ఆపే టీకా) మొదటి డోసు కూడా అందుకోలేదు. 2019లో ఆ సంఖ్య 14 లక్షలు. 2022 చివర్లో ముంబైలో గోవండీ లాంటి బస్తీల్లో తట్టు విజృంభించి పిల్లలు చనిపోయారు.

ఈసారి ఏ జబ్బు వస్తుందో చెప్పలేం. ఏది వచ్చినా సబ్‌సెంటర్ (ఊరి ఉప ఆరోగ్య కేంద్రం) పరిధిలో చేయాల్సిన పని మాత్రం పెద్దగా మారదు. ఏఎన్‌ఎంలు, ఆశాలు, అంగన్‌వాడీ టీచర్లు, వాళ్ల పక్కన నిలబడే సర్పంచులు, ఊరి కుర్రాళ్లు... వీళ్లందరి కోసం రాస్తున్నాను.

ముందు తేల్చుకోవాల్సింది: ఏది ఆగకూడదు, ఏది ఆగినా ఫర్వాలేదు

అన్నీ నడపాలని పట్టుబడితే మూడో వారానికి ఏదీ నడవదు. అందుకే మొదటి రోజే పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరు గారితో కూర్చుని రెండు జాబితాలు రాసుకోండి.

ఆగకూడనివి: పుట్టగానే ఇచ్చే బీసీజీ (టీబీ టీకా), పోలియో చుక్కలు, 24 గంటల్లోపు ఇవ్వాల్సిన హెపటైటిస్ బి, 6, 10, 14 వారాల టీకాలు, 9 నెలల ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా), పసిబిడ్డల ఇంటి సందర్శనలు, బాగా చిక్కిపోయిన పిల్లల్ని కనిపెట్టుకుని ఉండటం, విరేచనాలకూ న్యుమోనియాకూ వైద్యం, తలసీమియా, ఫిట్స్, టీబీ, షుగర్ ఉన్న పిల్లల మందులు. 16–24 నెలల ఎంఆర్ రెండో డోసు, డీపీటీ (డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం) బూస్టర్ కూడా ఇందులోనే చేర్చండి. వాటిని వెనక్కి నెట్టాలని చాలామందికి అనిపిస్తుంది, కానీ తట్టు చొరబడేది సరిగ్గా ఆ సందులోంచే.

కొన్ని వారాలు ఆగగలిగేవి: బడుల్లో ఆరోగ్య తనిఖీలు, ఐదేళ్ల డీపీటీ బూస్టర్, పిల్లలందరినీ ఒకచోట చేర్చి తూకం వేయడం, తల్లుల మీటింగులు. నులిపురుగుల మాత్రకు సెంటర్ అక్కర్లేదు, ఇంటి గుమ్మం దగ్గరే ఇవ్వొచ్చు.

ఈ జాబితా కాగితం మీద ఉండి, దాని కింద డాక్టరు గారి సంతకం ఉండాలి. రేపు ఎవరో ఫోన్ చేసి "సెషన్ ఎల్లుండికి పెట్టుకో, ఇవాళ శాంపిళ్లకి రా" అంటే చూపించడానికి పనికొస్తుంది.

మొదటి అడుగు: పేర్లు

డ్యూ లిస్ట్, అంటే ఏ బిడ్డకు ఏ టీకా ఎప్పుడు పడాలో రాసిన జాబితా, చేతిలో ఉంటే సగం పని అయినట్టే. దాని మీద ఎంత సమయం పెట్టినా దండగ కాదు.

ఒక ఊరి పిల్లల వివరాలు సాధారణంగా మూడు చోట్ల ఉంటాయి: ఏఎన్‌ఎం దగ్గరి ఆర్‌సీహెచ్ (తల్లీబిడ్డల ఆరోగ్య) రిజిస్టరు, ఆశా డైరీ, అంగన్‌వాడీ సర్వే పుస్తకం. మూడూ కలవవు. ఒక దాంట్లో ఉన్న బిడ్డ ఇంకో దాంట్లో ఉండదు, ఒకే బిడ్డ రెండు పేర్లతో ఉంటుంది, ఇంకా పేరు పెట్టని బిడ్డ "లక్ష్మి పాప" అని తల్లి పేరుతో ఉంటుంది. మహమ్మారి వార్త వచ్చిన రెండు మూడు రోజుల్లోనే ముగ్గురూ ఒక అరుగు మీద, దూరం దూరంగా కూర్చుని, వీధి వారీగా చదువుకుంటూ మూడింటినీ ఒకటి చేయండి. ఒక పూట పడుతుంది. కొత్త జాబితాలో రాయాల్సినవి: బిడ్డ, తల్లి, వీధి, పుట్టిన తేదీ, చివరగా పడిన టీకా, తర్వాత ఇవ్వాల్సిన తేదీ, రెండు ఫోన్ నంబర్లు. రెండో నంబరు ఎందుకంటే మొదటిది ఎక్కువగా భర్తది, ఆయన పొలంలోనో పనిలోనో ఉంటాడు. పక్కింటి వాళ్లదో, కిరాణా కొట్టుదో రాసుకోండి.

తర్వాత లెక్క వేయండి. 5,000 జనాభా ఉన్న సబ్‌సెంటర్‌లో వెయ్యికి 16 చొప్పున ఏడాదికి 80 మంది పుడతారు, అంటే నెలకు ఏడుగురు. 6 వారాలు, 10 వారాలు, 14 వారాలు, 9 నెలలు, ఏడాదిన్నర... ఇలా ఐదు సార్లు రావాలి కాబట్టి నెలకు 35 మంది. నాలుగు సెషన్లకు పంచితే ఒక్కోదానికి తొమ్మిది మంది! "జనం గుమిగూడతారు, సెషన్ ఎలా పెడతాం" అనే భయం ఈ లెక్క ముందు చాలావరకు తేలిపోతుంది. తొమ్మిది మంది తల్లుల్ని ఒక ఉదయం పూట విడివిడిగా పిలవడం కష్టమేమీ కాదు. గుంపు అయ్యేది అందర్నీ పదింటికి రమ్మన్నప్పుడే.

ఇక ఏ జాబితాలోనూ కనిపించని పిల్లలు. వీళ్లను ప్రత్యేకంగా వెతకాలి.

మన దగ్గర తొలి కాన్పుకి ఆడపిల్ల పుట్టింటికి వస్తుంది. ఆమె పేరు అత్తారింటి ఊరి రిజిస్టరులో ఉంటుంది, బిడ్డ మాత్రం అమ్మమ్మ ఊళ్లో ఉంటుంది. మామూలు రోజుల్లో మూడో నెలకో ఐదో నెలకో తిరిగి వెళ్లిపోతుంది కాబట్టి సర్దుకుంటుంది. బస్సులు ఆగిపోతే ఎనిమిది నెలలైనా పుట్టింట్లోనే ఉండిపోతుంది. అక్కడి నర్సమ్మ "మా ఊరి పిల్ల కాదు" అనుకుంటుంది, ఇక్కడి నర్సమ్మ "అక్కడ వేసుంటారులే" అనుకుంటుంది. ఇలా పద్నాలుగు వారాలు దాటినా ఒక్క సూది కూడా పడని బిడ్డను నేను చూశాను. పెద్ద ఊరు, ఆస్పత్రి దగ్గర్లోనే ఉంది, తల్లి చదువుకున్నదే. అడిగితే "ఎవరూ పిలవలేదండీ" అంది. కాబట్టి నియమం ఒక్కటే పెట్టుకోండి: ఈ రాత్రి బిడ్డ ఏ ఊళ్లో పడుకుంటే ఆ ఊరి లిస్టులో ఉండాలి.

రెండో గుంపు వలస వచ్చినవాళ్లు. 2020 వేసవిలో ముంబై, పుణె నుంచి పాలమూరు కూలీలు, చెన్నై వైపు నుంచి ఉత్తరాంధ్ర కూలీలు పిల్లాపాపలతో ఊళ్లకు చేరారు. చాలామంది దగ్గర టీకా కార్డు లేదు. ఊరి చివర ఇటుక బట్టీల్లో, కోళ్లఫారాల్లో చిక్కుపడిపోయిన బయటి రాష్ట్రాల కుటుంబాలు ఇంకో రకం. వీళ్లకు తెలుగు రాకపోవచ్చు, బట్టీ మేస్త్రీ ద్వారా మాట్లాడండి. కార్డు లేకపోతే తల్లిని అడగండి, ఎడమ భుజం మీద బీసీజీ మచ్చ ఉందేమో చూడండి. అదీ తేలకపోతే టీకా పడలేదనే అనుకుని, మెడికల్ ఆఫీసరుకు చెప్పి మొదలుపెట్టండి. ఒక డోసు ఎక్కువ పడితే వచ్చే నష్టం కంటే అసలు పడకపోతే వచ్చే నష్టం చాలా పెద్దది.

రెండో అడుగు: మనుషుల్ని పంచుకోవడం

రెండో ఏఎన్‌ఎం ఉన్న చోట పని తేలిక. ఒకరు మహమ్మారి పనికి, ఒకరు తల్లీబిడ్డల పనికి. ఒక్కరే ఉంటే మన దగ్గర టీకాల రోజులుగా స్థిరపడిన బుధవారం, శనివారం ఉదయం పూటలు ఆమెను ఎవరూ కదిలించకూడదు. ఈ మాట పీహెచ్‌సీ మీటింగులో మినిట్స్‌లోకి ఎక్కించండి. 2021 జనవరి 16న కరోనా వ్యాక్సిన్ మొదలయ్యాక చాలా చోట్ల అదే సిబ్బంది, అదే వ్యాక్సిన్ క్యారియర్ (టీకాలు చల్లగా మోసే పెట్టె), అదే గది రెండు పనులకూ వాడాల్సి వచ్చింది. రెండూ ఒకే పూట పెడితే పెద్దవాళ్ల క్యూ పిల్లల సెషన్‌ని మింగేస్తుంది.

ప్రతి ఆశాకూ ఒక జోడీని ముందే అనుకోండి. ఈమెకు జ్వరం వస్తే ఆమె ఇళ్లు ఎవరు చూస్తారు? జోడీ ఆశా దగ్గర డ్యూ లిస్ట్ జిరాక్స్ ఉండాలి. డైరీ క్వారంటైన్ ఇంట్లో ఇరుక్కుపోయి, లిస్టు చేతికి రాక రెండు వారాలు పోగొట్టుకున్న సందర్భం మాకు ఎదురైంది.

రక్షణ విషయానికొస్తే టీకా సెషన్‌కు పీపీఈ కిట్ అక్కర్లేదు. మూడు పొరల మాస్కు, ప్రతి బిడ్డకూ మధ్య చేతులు సబ్బుతో కడగడం లేదా శానిటైజర్, గాలి ఆడే చోటు ఉంటే సరిపోతుంది. ఒకే జత గ్లవ్స్‌తో పదిమంది పిల్లల్ని ముట్టుకోవడం కంటే కడిగిన ఒట్టి చేతులు మేలు. ఆశాలకు 2022 మేలో డబ్ల్యూహెచ్‌ఓ గ్లోబల్ హెల్త్ లీడర్స్ అవార్డు వచ్చింది, సంతోషం. ఊళ్లో మనం చేయగలిగింది మాత్రం వాళ్లకు మాస్కు టైముకి అందించడం, ఎండలో తిరిగొస్తే మంచినీళ్లు ఇవ్వడం, "కరోనా ఇళ్లకు పోయొచ్చింది" అని వాకిట్లోనే ఆపేసే ఇరుగుపొరుగును సర్పంచ్ స్వయంగా వెళ్లి మందలించడం.

మూడో అడుగు: సెషన్ నడపడం

చోటు: అంగన్‌వాడీ గది చిన్నదైతే బడి వరండా. చెట్టు నీడ ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే టీకా వేశాక అరగంట ఆగాలి. ఆ అరగంటలోనే గుంపు తయారవుతుంది. రావడానికి ఒక దారి, పోవడానికి ఇంకో దారి పెట్టుకోండి.

సమయం: గంటకు నలుగురైదుగురు. ముందు రోజు సాయంత్రం ఆశా ఫోన్ చేసి "అక్కా, రేపు తొమ్మిదిన్నరకి నువ్వూ పాపా, ఇంకెవరూ వద్దు" అని చెప్పాలి. అమ్మమ్మ, మేనత్త, పెద్ద పిల్లాడు అందరూ తోడు రావడం మన అలవాటు. ఫోన్‌లో ఈ మాట చెప్పకపోతే తొమ్మిది మంది పిల్లలకు ముప్పై మంది తేలతారు.

వయల్ (టీకా సీసా) లెక్క: దీన్ని చాలామంది మర్చిపోతారు. బీసీజీ, ఎంఆర్ వయల్ కలిపాక నాలుగు గంటలే, తర్వాత పారేయాలి. పెంటావాలెంట్, పోలియో చుక్కలు, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా టీకా) లాంటివి ఓపెన్ వయల్ నియమం ప్రకారం, చల్లదనం సరిగ్గా ఉండి వయల్ మీద వీవీఎం (వేడి తగిలితే రంగు మారే గుర్తు) బాగుంటే 28 రోజుల వరకు వాడొచ్చు. కాబట్టి టైమ్ స్లాట్లు ఇచ్చేటప్పుడు తొమ్మిది నెలల పిల్లల్నీ ఏడాదిన్నర పిల్లల్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేలా పెట్టండి, 6–10–14 వారాల వాళ్లను అటూ ఇటూ సర్దండి. ఇలా చేసినా ఎంఆర్‌కు ఒక్క బిడ్డే వచ్చిందనుకోండి, వయల్ తెరవాల్సిందే. "ఇంకో నలుగురు వచ్చాక రామ్మా" అని తిప్పి పంపితే ఆ రోజుల్లో ఆ తల్లి మళ్లీ రాదు.

జ్వరం: పెంటావాలెంట్ వేశాక ఒకట్రెండు రోజులు జ్వరం రావడం మామూలే. మామూలు రోజుల్లో ఎవరూ కంగారుపడరు. మహమ్మారిలో అదే జ్వరం ఇంటిల్లిపాదినీ టెన్షన్ పెడుతుంది. "సూది వేయించుకోడానికి పోతే అంటించుకొచ్చారు" అని వీధంతా పాకుతుంది, వచ్చే వారం పది మంది రారు. అందుకే సూది వేయకముందే చెప్పండి: ఇవాళ రాత్రి ఒళ్లు వెచ్చబడొచ్చు, సూది వేసిన చోట గట్టిపడొచ్చు, పారాసిటమాల్ ఇంత ఇవ్వాలి, రెండు రోజులు దాటినా దగ్గు ఆయాసం కనిపించినా నాకు ఫోన్ చెయ్యి. మర్నాడు సాయంత్రం ఆశా అటు తొంగిచూసి రావాలి. ఈ ఒక్క పలకరింపు ఎన్ని పోస్టర్లకైనా సమానం.

కోల్డ్ చైన్: టీకాల ఫ్రిజ్ అయిన ఐఎల్‌ఆర్‌లో 2–8 డిగ్రీల సెల్సియస్, రోజుకు రెండు సార్లు రాయడం, ఆదివారం కూడా. పెంటావాలెంట్, హెపటైటిస్ బి, ఐపీవీ (పోలియో సూది) లాంటివి గడ్డకడితే పనికిరావు, అందుకే ఐస్ ప్యాక్‌లు కాస్త చెమర్చి, ఊపితే లోపల నీళ్లు కదిలాకే క్యారియర్‌లో పెట్టాలి. హడావుడిలో ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా సర్దేయడం అందరూ చేసే తప్పు. మహమ్మారి వ్యాక్సిన్ కూడా అదే ఐఎల్‌ఆర్‌లో ఉంటే వేరే ట్రేలో, పెద్ద అక్షరాల లేబుల్‌తో ఉంచండి.

వీధి మూసేస్తే: 2020లో మన దేశంలో పాటించిన పద్ధతి ఇది. కంటైన్‌మెంట్ జోన్‌లో ఊళ్లో పెట్టే సెషన్లు ఆపారు, ఆస్పత్రిలో పుట్టిన బిడ్డలకు పుట్టుక డోసులు మాత్రం ఆపలేదు. జోన్ ఎత్తేశాక 14 రోజుల గడువు తర్వాత సెషన్ మళ్లీ పెట్టారు. కొత్త జబ్బుకు కొత్త ఆర్డర్ వస్తుంది, దాన్నే పాటించండి. అయితే మూసిన రోజునే ఆ వీధి పిల్లల పేర్లు ఒక వేరే కాగితం మీద రాసి గోడకు అంటించండి. వీధి తెరిచాక మొదటి సెషన్ వాళ్లదే.

నాలుగో అడుగు: బాలింత ఇల్లు

ఆస్పత్రి కాన్పు అయితే ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరు సార్లు ఇంటికి వెళ్లాలి. ఇంటి కాన్పు అయితే మొదటి రోజు కూడా. అన్నీ స్వయంగా వెళ్లలేని పరిస్థితి వస్తే నా అభిప్రాయం ఇది: 3, 7 రోజులవి ఎట్టిపరిస్థితిలోనూ ఫోన్‌కు వదలకండి, ఎందుకంటే పసిబిడ్డకు ప్రాణాపాయం ఎక్కువగా ఉండేది మొదటి వారంలోనే. బరువు 2.5 కిలోల కంటే తక్కువ పుట్టిన బిడ్డకూ, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకూ అన్ని సార్లూ వెళ్లాల్సిందే. మిగిలినవాళ్లకు తర్వాతి సందర్శనల్లో కొన్ని వీడియో కాల్‌లో చూడొచ్చు. వీడియో కాల్ పగటి వెలుతురులో చేయండి, రాత్రి బల్బు కింద పచ్చకామెర్లు కనబడవు.

వెళ్లినప్పుడు గది లోపల ఎక్కువసేపు ఉండొద్దు. తల్లిని బిడ్డతో వసారాలోకి రమ్మనండి. బిడ్డ పాలు లాగుతోందా, ఒళ్లు చల్లబడిందా, కాలిపోతోందా, అరచేతులూ పాదాలూ పచ్చగా ఉన్నాయా, బొడ్డు దగ్గర చీము ఉందా చూడండి. ఊపిరి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. రెండు నెలల లోపు బిడ్డకు 60 లేదా అంతకన్నా ఎక్కువుంటే, డొక్కలు బాగా ఎగరేస్తుంటే, ఫిట్స్ వస్తే, కదలిక తగ్గిపోతే అది 108కి ఫోన్ చేయాల్సిన విషయం.

తల్లికే పాజిటివ్ వస్తే? కరోనాలో చాలా ఇళ్లలో బిడ్డను అమ్మమ్మకు అప్పగించి డబ్బా పాలు మొదలుపెట్టారు. మంచి చేస్తున్నామనే అనుకున్నారు. డబ్ల్యూహెచ్‌ఓ మాట దీనికి పూర్తిగా భిన్నం: మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని తల్లి తన పాలే ఇవ్వాలి, బిడ్డ తల్లి పక్కనే ఉండాలి. కలుషిత నీళ్లతో కలిపిన డబ్బా పాల వల్ల వచ్చే విరేచనాలు పసిబిడ్డకు ఎక్కువ ప్రమాదం. తల్లికి చెబితే చాలదు, ఈ విషయంలో నిర్ణయం అత్తగారిదీ అమ్మగారిదీ. ఫోన్ స్పీకర్‌లో పెట్టించి వాళ్లతో మాట్లాడండి. ఇది కరోనాకు చెప్పిన సలహా. కొత్త జబ్బు వస్తే తల్లిపాల గురించి డాక్టరు గారిని ముందుగా అడిగి తెలుసుకోండి.

ఐదో అడుగు: తిండి, చేతి చుట్టుకొలత

అంగన్‌వాడీ మూస్తే అక్కడ తినే పిల్లకు ఆ పూట పోయినట్టే. కూలి కూడా పోయిన ఇంట్లో ఆ లోటు రెట్టింపు. అందుకే 2020లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సరుకులు, గుడ్లు, బాలామృతం (పిల్లల పోషకాహార పొడి) ఇళ్లకు చేర్చారు. పంపిణీ జరిగింది కానీ ఒక చిక్కు మిగిలింది: సెంటర్‌లో పెట్టినది పిల్ల నోట్లోకే పోతుంది, ఇంటికిచ్చినది నలుగురి కంచాల్లోకి పోతుంది. తల్లిని తప్పుపట్టి లాభం లేదు. బాలామృతం ప్యాకెట్ ఇచ్చేటప్పుడు నెల లెక్క కాకుండా రోజు లెక్క చెప్పండి: రోజుకు 100 గ్రాములు, అంటే మీ ఇంటి ఏ గ్లాసుతో ఎంత అవుతుందో ఆ గ్లాసు తెప్పించి కొలిచి చూపించండి. దాన్ని రెండు మూడు సార్లుగా పెట్టమనండి. గుడ్లు నెలకు ఒకేసారి ఇవ్వకుండా వారానికోసారి ఇస్తే పిల్లకు చేరే అవకాశం ఎక్కువ, చెడిపోయేవీ తక్కువ. నీళ్లలో వేస్తే తేలే గుడ్డు పక్కన పెట్టాలి.

తూకం ఆగినప్పుడు చిక్కిపోతున్న బిడ్డను పట్టుకునే దారి మ్యూయాక్ టేప్, అంటే చేతి చుట్టుకొలత చూసే రంగుల పట్టీ. ఈ కొలత తల్లే తీయగలదు. కరోనా కాలంలో చాలా దేశాలు ఈ పనిని తల్లుల చేతికే ఇచ్చాయి. ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు:

1. ఎడమ చేయి. భుజం ఎముక కొసకూ మోచేతికీ సరిగ్గా మధ్యన గుర్తు పెట్టండి.
2. చేయి వేలాడేసి ఉండగా టేప్ చుట్టండి. చర్మం నొక్కుకుపోకూడదు, వదులుగానూ ఉండకూడదు.
3. 12.5 సెం.మీ. పైన ఆకుపచ్చ. 11.5 నుంచి 12.5 లోపు పసుపు, ఇది మధ్యస్థ లోపం. 11.5 కంటే తక్కువ ఎరుపు, ఇది తీవ్ర లోపం.
4. రెండు పాదాల మీదా బొటనవేలితో మూడు సెకన్లు నొక్కండి. రెండింటిలోనూ గుంట పడి అలాగే ఉంటే టేప్ ఏ రంగు చూపినా అది తీవ్రమే.

టేప్ ప్రతి ఇంటికీ ఇవ్వలేకపోతే వీధికి ఒకటి, సబ్బు నీళ్లతో తుడిచి చేతులు మార్చండి. ఎరుపు వచ్చిన బిడ్డకు జ్వరం, వాంతులు, తినకపోవడం, పాదాల వాపు... వీటిలో ఏది ఉన్నా పోషకాహార పునరావాస కేంద్రానికి పంపాలి. ఆ కేంద్రం తెరిచి ఉందో లేదో పంపకముందే ఫోన్‌లో కనుక్కోండి. ఇవేవీ లేక చురుగ్గా తింటున్న బిడ్డను డాక్టరు గారికి చూపించి, వారం వారం ఇంటి దగ్గరే చూడొచ్చు.

ఆరో అడుగు: జబ్బు పడిన బిడ్డ

మహమ్మారిలో ప్రతి జ్వరమూ మహమ్మారి లాగే కనిపిస్తుంది. వానాకాలంలో ఏజెన్సీలో మలేరియా ఉంటుంది, పట్నాల్లో డెంగీ ఉంటుంది. అవి సెలవు తీసుకోవు. జ్వరం అంటే ఇంటి మీద స్టిక్కర్ అంటిస్తారని, తీసుకుపోతారని భయపడి 2020లో జనం జ్వరాన్ని దాచారు. ఆశా ఇంటికెళ్లి అడిగే మొదటి ప్రశ్న "ఎవరికైనా జ్వరమా?" అయితే "లేదు" అనే అంటారు. "పాప బాగా తింటోందా, రాత్రి నిద్రపోయిందా" దగ్గర మొదలుపెట్టండి.

దగ్గు ఉంటే ఊపిరి లెక్క: రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు 40. అంతా, ఆ పైనా ఉంటే న్యుమోనియా అనుకుని పీహెచ్‌సీకి. ఆక్సీమీటర్ ఉంటే వాడండి. 94 కంటే తగ్గితే డాక్టరు, 90 కంటే తగ్గితే వెంటనే అంబులెన్స్. చిన్న పిల్లల వేలికి పెద్దవాళ్ల ఆక్సీమీటర్ సరిగ్గా పట్టదు కాబట్టి అంకె బాగుందని నిశ్చింతగా ఉండొద్దు, డొక్కలు చూడండి.

విరేచనాలకు ఐదేళ్ల లోపు పిల్లలున్న ప్రతి ఇంట్లో రెండు ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్లు, ఒక పట్టీ జింక్ మాత్రలు ముందే ఉంచేయండి. లాక్‌డౌన్‌లో మందుల కొట్టుకు పోవడం కుదరదు. ప్యాకెట్ మొత్తం ఒక లీటరు మంచినీళ్లలో, 24 గంటల్లో వాడాలి. కొంచెం పొడి, కొంచెం నీళ్లు కుదరదు. జింక్ ఆర్నెల్లు దాటితే రోజుకు 20 మి.గ్రా., రెండు నుంచి ఆరు నెలల లోపు 10 మి.గ్రా., విరేచనాలు కట్టినా 14 రోజులు. రక్తం పడితే, కళ్లు లోపలికి పోతే, తాగలేకపోతే ఆస్పత్రికి.

ఏ ఆస్పత్రికి? ఇది ముందే తెలిసి ఉండాలి. 2020లో హైదరాబాద్ గాంధీ ఆస్పత్రిని పూర్తిగా కోవిడ్‌కు కేటాయించారు. అలాంటి మార్పులు జిల్లాల్లోనూ జరుగుతాయి. మామూలు జబ్బు పిల్లల్ని ఎక్కడ చేర్చుకుంటున్నారో వారానికోసారి కనుక్కుని సబ్‌సెంటర్ తలుపు మీద రాయండి. బిడ్డను ఒళ్లో పెట్టుకుని మూడు ఆస్పత్రులు తిరగాల్సి రావడం కంటే ఘోరం లేదు.

తలసీమియా పిల్లలకు కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించాలి. లాక్‌డౌన్‌లో రక్తదాన శిబిరాలు ఆగిపోయాయి. మీ పరిధిలో అలాంటి బిడ్డ ఒకరే ఉండొచ్చు, ఆ ఒక్కరి కోసం ఊళ్లో నలుగురు దాతల పేర్లు రాసి పెట్టుకోవడం యువజన సంఘం చేయగల పని.

ఏడో అడుగు: మాట చేరవేయడం

ఊళ్లో జ్వరం వస్తే ముందు వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికి. ఆయన్ని పక్కన పెట్టి ఏం చేసినా సగమే. డ్యూ లిస్ట్ తీసుకెళ్లి చూపించండి, "మీ దగ్గరికొచ్చిన పసిపిల్లల తల్లుల్ని బుధవారం పంపండి, ఊపిరి వేగంగా ఉంటే ముందు నాకు ఫోన్ చేయండి" అని అడగండి. మసీదు మైకు, చర్చి పాస్టరు, రచ్చబండ, పంచాయతీ చెత్త ఆటో మైకు అన్నీ వాడుకోవచ్చు. వాట్సాప్ గ్రూపు మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. పసిపిల్లల తల్లులు అందులో ఉండరు, వాళ్ల మరుదులుంటారు.

ఎనిమిదో అడుగు: తప్పినవాళ్లను పట్టుకోవడం

తాకిడి తగ్గగానే చేయాల్సింది ఇదే. "టైము దాటిపోయింది, మళ్లీ మొదటి నుంచి వేయాలా?" అని తల్లులు అడుగుతారు. అక్కర్లేదు. ఆగిన చోటి నుంచే కొనసాగించాలి, డోసుకూ డోసుకూ మధ్య కనీసం నాలుగు వారాలు. ఒకే రోజు రెండు మూడు సూదులు వేరు వేరు చోట్ల వేయొచ్చు. హద్దులున్నవి కొన్ని: బీసీజీ ఏడాది లోపే, రోటావైరస్ మొదటి డోసు ఏడాది లోపే, ఎంఆర్ ఐదేళ్ల వరకు. అందుకే పిలిచే వరుస ఇలా పెట్టండి: ముందు ఏడాది నిండబోతున్న పిల్లలు, తర్వాత ఒక్క సూదీ పడనివాళ్లు, ఆ తర్వాత ఎంఆర్ తప్పినవాళ్లు, చివర బూస్టర్లు.

దేశంలో ఇలాంటి పిల్లల కోసమే ఇంటెన్సిఫైడ్ మిషన్ ఇంద్రధనుష్ మూడో విడత 2021 ఫిబ్రవరిలో, నాలుగో విడత 2022 ఫిబ్రవరిలో మొదలయ్యాయి. అలాంటి విడత ప్రకటించేవరకు ఆగనక్కర్లేదు. నెలకు రెండు అదనపు సెషన్లు, వాటిలో ఒకటి సాయంత్రం పూట, కూలికి పోయే తల్లుల కోసం. కొండ ఊళ్లలో సంత రోజున సంత పక్కనే పెట్టండి.

సెషన్ వివరాల పక్కన రెండు లెక్కలు రాయండి. ఒకటి, ఈ నెల వేసినవి, పోయిన ఏడాది ఇదే నెల వేసినవి. రెండోది డ్రాపవుట్: పెంటా మొదటి డోసు 40 మందికి పడి మూడోది 33 మందికే పడితే ఏడుగురు జారిపోయారు, అంటే 17.5 శాతం. పది దాటితే ఎక్కడో తేడా ఉన్నట్టే. అయినా శాతం చూసి ఊరుకోవద్దు, ఆ ఏడుగురి పేర్లు రాయండి. ఇద్దరు అత్తారింటికి వెళ్లుంటారు, ఆ ఊరి ఏఎన్‌ఎంకు ఫోన్ చేసి పేరూ తేదీ చెప్పి, "వేశాను" అని ఆమె తిరిగి చెప్పాకే టిక్ పెట్టండి. ఒకరిది మీరే రాయడం మర్చిపోయి ఉంటారు. మిగిలిన నలుగురి ఇళ్లకు ఈ శనివారం సెషన్ ముగిశాక, క్యారియర్ ఇంకా చల్లగా ఉండగానే, నడిచి వెళ్లండి.